నిలబడి మోసిన అలుపు

పాడ్యమి. పోటు బలంగా ఉంది.

నా పేరు సూరాడ ఎల్లాజీ. నీళ్ళ మీద తేలే మూడో కట్టలో ఉంటాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, అదీ నా మనవరాలు నూకాలు వెంటపడితే. అందుకని పొడుగు మాటలు నా దగ్గర లేవు. తెప్పల పోటీ అయ్యేదాకా, అలుపు మోసే మోతగాళ్ళందరూ తమకెలా ఉందో రాసిపెట్టాలని ఇందుమతి డాక్టరమ్మ అడిగింది. వచ్చే ఏడు మోసేవాళ్ళకు పనికొస్తుందట. రాస్తాను. మోయడం గురించి నాకంటే తెలిసినవాడు ఈ నీళ్ళ మీద ఎవడున్నాడు?

పొద్దున నూకాలు తెప్ప మీద పాత లైట్‌హౌసు దాకా తెడ్డేసి వచ్చింది. ఒడ్డు ఉన్న రోజుల్లో అది ఒడ్డు మీద ఉండేదట. ఇప్పుడు నడుం దాకా సముద్రంలో దిగి నిలబడి ఉంటుంది. పిల్ల తిరిగొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. అంబలి గిన్నె ఎత్తలేక ఒళ్ళో పెట్టుకుని వంగి తాగింది. అప్పుడు డాక్టరమ్మ రెండు పట్టీలు తీసింది. బెత్తెడు వెడల్పు, తడి నాచులా మెత్తగా ఉన్నాయి. ఒకటి దాని నడుముకు కట్టింది, రెండోది నా నడుముకు.

నేను తెడ్డు ముట్టలేదు. అయినా కాసేపటికి నా భుజాలు ఎదురునీటికి తెడ్డేసి వచ్చినట్టు పీకడం మొదలుపెట్టాయి. అరచేతులు మండాయి. మోకాళ్ళ వెనక నరాలు లాగాయి. అటు చూస్తే నూకాలు ముఖం తోమిన గిన్నెలా మెరుస్తోంది.

"తాతా, ఏటీ లేదు! తొంగుని లేసినట్టుంది!" అని చెక్కల మీద గెంతింది. మధ్యాహ్నం మళ్ళీ తెప్ప దించింది.

ఇప్పుడు కట్టలన్నీ ఇలాగే చేస్తున్నాయి. తెడ్డు ఒకరిది, అలుపు ఇంకొకరిది. నా రోజుల్లో రెండూ ఒకడివే. ఆ రోజుల్లో ఈ పోటీ నేను గెలిచాను, ఎవరి నడుముకూ ఏమీ కట్టకుండా.

డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ చెప్పింది. "తాతగారూ, మోయడం కాదు మీ పని. కరిగించడం. అలుపు నిద్రలోనే కరుగుతుంది. పట్టీ మీద ఈ పూస చూశారా? ఇప్పుడు మట్టిరంగులో ఉంది. మీరు బాగా పడుకుని లేస్తే గవ్వలా తెల్లబడుతుంది. రాత్రి నిద్ర మీ ఒంటికే సరిపోతుంది. పిల్ల అలుపుకి పగటి నిద్ర కావాలి."

తల ఊపాను. తల ఊపడానికి ఏం పోయింది?

తదియ.

డాక్టరమ్మ పడుకోమంటుంది. ఎక్కడ పడుకోను?

కట్ట అంటే ఒక వీధి. గాలి డబ్బాల మీద చెక్కలు, చెక్కల మీద ఇళ్ళు, అన్నీ తాళ్ళతో ఒకదానికొకటి కట్టినవి. గోడలు వలగుడ్డ, లోపలున్నది బయటికి కనబడుతుంది. ఇల్లు ఒక మనిషి పొడవు ఉంటుంది. ఎలా పడుకున్నా కాళ్ళు సముద్రం వైపే వస్తాయి. రాత్రయితే ఎవరికీ పట్టదు. పగలు సముద్రం వైపు కాళ్ళు చాపి పడుకునేది మా వాళ్ళలో శవం ఒక్కటే. గంగమ్మకు అప్పగించే ముందు వాకిట్లో అలా పడుకోబెడతాం. దారినపోయేవాళ్ళు ఆగి దణ్ణం పెట్టి పోతారు. బాలింతలకు, జబ్బుపడ్డవాళ్ళకు అడ్డంగా తెర కడతాం. కాళ్ళూ చేతులూ ఆడుతున్న మగవాడు పగలు నడుం వాల్చడు. మా నాన్న వాల్చలేదు. నేను వాల్చలేదు.

రక్తం పంచుకున్నవాళ్ళకే అలుపు ఎక్కుతుంది, బయటివాళ్ళకు ఎక్కదు. నూకాలు తండ్రిని కిందటేడు గాలివాన తీసుకుపోయింది. మా కట్ట బయటి వరసలో ఉండడం వల్ల మొదటి కెరటం మా మీదే పడింది. వీధి చివర ఇళ్ళు తాళ్ళతో సహా తెగిపోయాయి. ఆ ఇళ్ళను పట్టుకోబోయి నా అల్లుడు పోయాడు. ఇక మిగిలింది నా కూతురు అచ్చియ్యమ్మ. తాగే నీళ్ళ మర తొక్కేది అదే. అది తొక్కకపోతే వీధంతా ఉప్పునీళ్ళు తాగాలి.

"నీకేటి పనుంది అయ్యా? నివ్వు తొంగో," అంది అచ్చియ్యమ్మ.

ఏం పనుందట. ఆ మాట ముల్లులా దిగింది.

అయినా చాప తెచ్చి పరిచాను. పరిచీ పరవక ముందే ఎదురింటి పోలయ్య బావ కేక పెట్టాడు. వాడు నా చెల్లెలి మొగుడు, నోటికి తాడు లేదు.

"ఏటి బావా, కాళ్ళు సాపేస్తన్నావా? దణ్ణం ఎట్టీమంటావా?"

వీధంతా నవ్వింది. నేను చాప చుట్టేసి గూట్లో పెట్టాను. వల తీసుకుని వాకిట్లో నిలబడ్డాను. కొక్కేనికి తగిలించి చిరుగులు కుట్టడం మొదలుపెట్టాను. సూది దూర్చినప్పుడల్లా భుజం కరకరలాడింది.

"నాను నిలబడి మోస్తాన్రా! నా మనవరాలి అలుపు నాకో లెక్కా?" అన్నాను, అందరికీ వినబడేలా.

పంచమి.

నిలబడే మోస్తున్నాను. పొద్దున నూకాలు వచ్చి పట్టీ కట్టుకుంటుంది. అలుపు నా ఒంట్లోకి దిగుతుంది. నేను లేచి డబ్బాలకు పట్టిన గుల్లలు గీకుతాను. తాళ్ళు బిగిస్తాను. మధ్యాహ్నం పిల్ల రెండోసారి వస్తుంది, మళ్ళీ దిగుతుంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాను. కాళ్ళు ఇసుక మూటల్లా ఉంటాయి. నడుస్తాను.

రెండో కట్ట మోతగాడు నా వయసువాడే. పొద్దెక్కాక కూడా తెర కట్టుకుని గుర్రు పెడుతున్నాడని పోలయ్య చూసొచ్చి చెప్పాడు. "నివ్వు మగోడివి బావా," అన్నాడు. ఈసారి నవ్వలేదు. నలుగురినీ పిలిచి నన్ను చూపించాడు. "ఇదిగో, పిల్ల తెడ్డేసింది, ఈడు నిలబడి అరిగించీసుకుంతన్నాడు!"

బాగుంది. చాలా ఏళ్ళయింది నన్ను ఎవరైనా అలా చూసి.

పూస మట్టిరంగులోనే ఉంది. తువ్వాలు దాని మీదుగా చుట్టుకున్నాను. నడుముకు పట్టుగా కూడా ఉంటుంది.

అష్టమి. నీళ్ళు మందంగా ఉన్నాయి.

పోటీ ఎందుకో తెలియనివాళ్ళు ఈ నీళ్ళ మీద లేరు, అయినా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. కొండ మాటున ఒక్క కట్టకే చోటుంది. అక్కడ లంగరేసినవాళ్ళకు గాలివాన నెలల్లో కెరటం తగలదు. ఆ చోటు కోసం ఒకప్పుడు గెడలతో తలలు పగలగొట్టుకున్నారు. చివరికి దాన్ని తెడ్డు మీద పెట్టారు. కట్టకో మనిషి, ఒక తెప్ప. లైట్‌హౌసు చుట్టి కొండకు ముందు ఎవరు చేరితే వాళ్ళ కట్టకు ఆ ఏడు మాటు. ఈసారి మా కట్టంతా నూకాలు మీద ఆశ పెట్టుకుంది. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, తెడ్డు పట్టిందంటే నీళ్ళు దారిస్తాయి.

ఇచ్చేవి. ఇవాళ ఇవ్వలేదు.

పొద్దున అది వచ్చేసరికి మామూలుగా వచ్చే వేళ దాటిపోయింది. దిగి చెక్కల మీద కూలబడింది. పట్టీ కట్టుకుంది. కాసేపయ్యాక అడిగాను.

"ఎలగుందే?"

"సగం పోయినట్టుంది. సగం ఉండిపోయింది తాతా."

నాకు మాత్రం కొత్తగా ఏమీ తెలియలేదు. మొదటి రోజుల్లోలా భుజాల్లోకి జర్రున దిగడం లేదు. నా ఒళ్ళు రాటుదేలిందని అనుకున్నాను. లోపం పిల్లలోనే ఉందని అనుకున్నాను.

"సగం లేదు, సున్నా లేదు. ఒళ్ళు దాసుకుంతన్నావు. మా కాలంలో ఈ పట్టీలు లేవు. సేతులు బొబ్బలెక్కితే ఉప్పునీళ్ళలో ముంచి మళ్ళీ తెడ్డు అట్టుకునీవోళ్ళం. లే, ఎల్లు!"

లేచి వెళ్ళింది. ఎప్పుడూ ఎదురు చెప్పే పిల్ల.

దశమి.

డాక్టరమ్మ పడవ వస్తోందని పోలయ్య ముందే చూశాడు. "బావా, నీ డాక్టరమ్మ!" అన్నాడు. నేను గబగబా లోపలికి వెళ్ళి చాప పరిచి పడుకున్నాను. కళ్ళు మూసుకుని గుర్రు కూడా పెట్టాను. శవంలా పడుకోవడానికి సిగ్గుపడినవాణ్ణి, దొంగనిద్రకు సిగ్గుపడలేదు.

ఆమె గుమ్మంలో కూర్చుంది. "తాతగారూ, నిద్ర చెడగొట్టానా? పూస ఒక్కసారి చూపించండి."

"ఆడకూతురు మగోడి నడుం సూడకూడదమ్మా. తెల్లగా ఉంది. గవ్వనాగుంది."

ఆమె నవ్వింది. పెద్దవాణ్ణి, ఎందుకు అబద్ధమాడతాను అనుకుని ఉంటుంది. "పిల్ల నెమ్మదిస్తోందని విన్నాను. మీరు బాగా పడుకుంటూ ఉంటే మరి కారణమేమిటో తెలియడం లేదు. ఇంకాస్త మంచి తిండి పెట్టండి," అని ఎండుచేపల పొట్లం ఇచ్చి పోయింది.

ఆ చేపలు వండింది అచ్చియ్యమ్మ. నూకాలు రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టేసింది.

"నమలడానికి దవడ లేవట్లేదమ్మా," అంది.

"ఇది సాకు," అన్నాను నేను.

అచ్చియ్యమ్మ నన్ను చూసింది. మళ్ళీ మర తొక్కడానికి వెళ్ళింది. ఆ చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాను. పడుకుందామా అని ఒకసారి అనుకున్నాను. వీధిలో మనుషులు తిరుగుతున్నారు. లేచి గుల్లలు గీకాను.

చతుర్దశి.

రేపు పోటీ. మధ్యాహ్నం నూకాలు తెడ్డేయలేదు. నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"తాతా, ఒక మాట అడుగుతాను, తిట్టకు. పట్టీ కట్టుకుంతే ముందు ఒళ్ళు తేలికయ్యీది. ఇప్పుడు కట్టుకుంతే ఇంకా బరువెక్కుతంది. ఏటో లోపలికి వస్తన్నట్టుంది, పోతన్నట్టు లేదు."

నేను బడికి పోలేదు గాని, నిండిన పడవలోకి నీళ్ళు తోడిపోస్తే ఎటు పోతాయో నాకు తెలుసు. అది వెళ్ళాక లోపలికి పోయి తువ్వాలు విప్పాను. పూస మట్టిరంగులో లేదు. ఆల్చిప్ప వీపులా నల్లగా ఉంది.

చాప పరిచాను. ఈసారి నిజంగానే పరిచాను. కళ్ళు మూశాను. ఇన్నాళ్ళూ తరిమేసిన నిద్ర పిలవగానే వస్తుందా? ఒళ్ళంతా గంటలా మోగుతోంది. ఎప్పటికో కాస్త మాగన్నుగా పట్టింది. అప్పుడే బయట డప్పులు వినబడ్డాయి. పోటీ ముందు రోజు వీధంతా కూడుతుంది కదా.

"బావా! నిలబడి మోసే బావా! బయటికి రా, అందరూ నిన్నే అడుగుతన్నారు!"

వెళ్ళకూడదు. అది నాకు తెలుసు. పోలయ్యను లోపలికి పిలిచి, ఇదిగో ఇలా అయింది, డాక్టరమ్మను పిలిపించు అని చెప్పాలి. అదీ తెలుసు. నేను లేచి తువ్వాలు బిగించి బయటికి వెళ్ళాను. దండ వేశారు. రెండో కట్ట మోతగాడి గుర్రును పోలయ్య నటించి చూపిస్తే అందరూ పొట్ట పట్టుకున్నారు. నేనూ నవ్వాను.

విదియ. పున్నమి వెళ్ళిపోయింది.

పున్నమినాడు రాయలేదు. మర్నాడూ చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తాను.

తెప్పలు తెల్లారగానే బయలుదేరాయి. వాటి వెనక కట్టల పెద్దల సంఘం బోటు. అందులో మోతగాళ్ళందరం, డాక్టరమ్మ. పోటీ రోజు పట్టీలు విప్పరు, తెడ్డేస్తున్నంతసేపూ అలుపు వస్తూనే ఉంటుంది. బోటు మీద పందిరి, పందిరి కింద చాపలు. మిగతా మోతగాళ్ళు ఎక్కగానే పడుకున్నారు. వరసగా, సముద్రం వైపు కాళ్ళు పెట్టి. రెండో కట్టవాడు పడుకుంటూ నన్ను చూసి, "నివ్వూ వాలు అన్నా, సిగ్గేటి?" అని పక్కకు జరిగి చోటిచ్చాడు. మా వీధి పడవలు బోటు పక్కనే వస్తున్నాయి. పోలయ్య నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. నేను ముందుకు పోయి కొయ్య పట్టుకుని నిలబడ్డాను.

లైట్‌హౌసు దాకా నూకాలు ముందుంది. ఎలా ఉందో నాకు తెలియదు. లోపల అంత బరువు పెట్టుకుని ఎలా లాగిందో. లైట్‌హౌసు తిరిగాక తెడ్డు నీళ్ళలో మునగడం తగ్గింది. పైపైన తడుముతోంది. రెండో కట్ట తెప్ప పక్కకొచ్చింది, దాటింది. ఇంకొకటి దాటింది. మా బోటు నూకాలు దగ్గరకు జరిగింది. దాని పెదవులు తెల్లబడ్డాయి. తల తిప్పి నన్ను చూసింది. సముద్రం మధ్యలో, అందరూ వింటుండగా అడిగింది.

"తాతా... నివ్వు రోజూ తొంగున్నావు కదా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. వీధి పడవలన్నీ నా వైపు చూశాయి. మెడలో నిన్నటి దండ వాడిపోయి ఉంది.

"తొంగున్నానే. ఎయ్యి!" అన్నాను.

ఇక్కడ ఆగి మళ్ళీ రాస్తున్నాను. లేదు అని ఒక్క మాట అని ఉంటే అది తెడ్డు దించేది. దించితే దాన్ని బోటులోకి తీసుకునేవాళ్ళు. పోటీ పోయేది, అంతే. కానీ నా మాట నమ్మింది. లోపం తనదేననుకుంది. పళ్ళు బిగించి తెడ్డేసింది. నేను అన్నందుకు వేసింది.

కొన్ని తెడ్లు వేసిందో లేదో, తెప్ప మీద పక్కకు ఒరిగింది. ఎవరో నెట్టినట్టు కాదు. నిద్రపోతున్న పిల్ల చాప మీద నుంచి దొర్లినట్టు నీళ్ళలోకి దొర్లింది. తెడ్డు ఒక్కటే తేలింది.

నేను దూకాను. నా జీవితంలో ఎప్పుడూ నీళ్ళు నన్ను కిందికి లాగలేదు. ఆ రోజు లాగాయి. చేతులు ఆడించమంటే ఆడలేదు. నూకాలును పోలయ్య పట్టుకున్నాడు. నన్ను పట్టుకున్నది రెండో కట్ట మోతగాడు. చాప మీద నుంచి లేచి దూకి, జుట్టు పట్టి ఈడ్చాడు. బాగా నిద్రపోయిన మనిషి. చేతుల్లో ఎంత బలమో.

బోటులో పడేశాక డాక్టరమ్మ నా తువ్వాలు లాగింది. పూస చూసింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

నేను తువ్వాలు కోసం చెయ్యి చాపాను.

"ఇందులో ఒక్క రోజుది కూడా కరగలేదు తాతగారూ. మీలో నిండింది నిండి, మిగతాదంతా వెనక్కి ఆ పిల్లలోకే పోయింది. మీది కూడా కలిపి." ఆమె గొంతు పెంచలేదు. "గుల్లలు గీకినదీ, వీధిలో నడిచినదీ, అదంతా మీ అలుపే కదా. అది కూడా ఆ పిల్లే మోసింది."

అప్పుడు పోలయ్య ముఖం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పంచమి.

కొండ మాటు రెండో కట్టకు వెళ్ళింది. మాది మళ్ళీ బయటి వరస.

నూకాలు బతికే ఉంది. కళ్ళు తెరుస్తుంది, మాట్లాడదు. చెంచాతో అంబలి పోస్తే మింగుతుంది. మామూలు అలుపయితే పడుకుంటే పోతుందట. ఇది దాని ఒంటికి మించినది, గుండె మీద కూర్చుంది. పట్టీతో కొంచెం కొంచెంగా లాగాలి. లాగింది ఎవరో కరిగించాలి. రక్తం పంచుకున్నవాళ్ళే.

సంఘం మా వాకిట్లోనే కూర్చుంది. ఎల్లాజీని వీధి చివరి ఇంట్లో పెట్టాలని ఒకడన్నాడు. అది మొదట తెగే ఇల్లు. నేను ఒప్పుకున్నాను. నిజానికి అదే బాగుందనిపించింది. నిలబడే చావొచ్చు.

అచ్చియ్యమ్మ మర దిగి వచ్చింది. అందరి ముందూ నాతో మాట్లాడింది.

"అయ్యా, మాయాయన్ని గంగమ్మ అట్టుకెల్లిపోయింది. ఈ గుంటని, నా పిల్లని మాత్రం నీ సేతల్తో నివ్వే ఇచ్చీసినావు. ఇప్పుడు సివరింటికి ఎల్లిపోతావా? మగోడినాగ సచ్చిపోతావా? అదేం కుదర్దు. నా మర నాను దిగితే ఈదికి నీళ్ళుండవు. నివ్వు తొంగో. ఇదిగో ఇక్కడే, ఈదిలో, అందరూ సూస్తండగా. ఒక్కపాలి లేసినా ఆ అలుపు మళ్ళీ దానిలోకే ఎల్లిపోతాది. ఒక్కపాలి!"

నేను లోపల పడుకుంటానని గొణిగాను. తెర కట్టమన్నాను.

"తెర లేదు," అంది నా కూతురు. "తెర ఎనకాల నివ్వేటి సేస్తావో నాకు తెలుసు."

చాప అచ్చియ్యమ్మే పరిచింది.

దశమి. గాలి తూర్పు నుంచి మళ్ళింది.

పడుకునే రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. కాగితం అయిపోవచ్చింది, డాక్టరమ్మ కూడా రాయడం తగ్గించమంది. రాస్తే నిద్ర చెడుతుందట.

వాయుగుండం పట్టింది. వీధి వీధంతా పనిలో ఉంది. ఇళ్ళు దించి కడుతున్నారు, లంగర్లు రెండింతలు చేస్తున్నారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, అందరూ. నా వల్ల ఈ బయటి వరసలో ఉన్నవాళ్ళు నా చుట్టూ పని చేస్తున్నారు. నేను మధ్యలో, వాకిట్లో, కాళ్ళు సముద్రం వైపు పెట్టి పడుకుని ఉన్నాను. తాళ్ళు ఈడ్చుకుపోయేవాళ్ళు నా మీదుగా దాటిపోతున్నారు. ఒక్కడూ తిట్టడం లేదు. తిడితే బాగుండును.

నా పక్కన ఇంకో చాప మీద నూకాలు. మొన్నటి నుంచి వేళ్ళు కదుపుతోంది. గిన్నె అంచు పట్టుకుంటోంది.

ఇందాక ఎగువ నుంచి అంబలికి చోళ్ళు తెచ్చే పడవవాడు మా వాకిటి ముందు నుంచి పోయాడు. కొత్తవాడు. నన్ను చూసి పడవ ఆపాడు. చెయ్యి కడుక్కుని దణ్ణం పెట్టాడు. నేను కళ్ళు మూసుకోలేదు గాని కదల్లేదు కూడా. నాకు తగిన దణ్ణమే అనిపించింది.

"శవం కాదురా!" అని అరిచాడు పోలయ్య తాడు లాగుతూనే. "పని సేస్తన్నాడు. ఎల్లు!"

వేళాకోళం ఉందేమోనని వాడి ముఖం వెతికాను. లేదు. నన్ను చూడనైనా లేదు.

తరవాత కాసేపటికి పెద్ద అల వచ్చింది. ఎదురింటి తాడు పోలయ్య చేతుల్లోంచి జారింది. ఇల్లు పక్కకు గుంజుకుపోతోంది. వాడు అలవాటు కొద్దీ కేక పెట్టాడు.

"బావా! ఓ సెయ్యి ఎయ్యి బావా!"

అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు. నాకు కనబడింది. అప్పటికే నా మోచెయ్యి చాప మీద నుంచి లేచింది. నడుం లేవబోతోంది. ఆ ముడి నాకు తెలుసు. రెండడుగులు వేసి పట్టుకుంటే ఆగుతుంది. నా ఒళ్ళంతా ఆ తాడు వైపు లాగింది. వీధంతా చూస్తోంది, చూడనివ్వు, ఎల్లాజీ ఇంకా చచ్చిపోలేదని చూడనివ్వు అని లాగింది.

"తాతా," అంది నూకాలు. కళ్ళు తెరవలేదు. పోటీ తరవాత అది మాట్లాడిన మొదటి మాట. "నివ్వు తొంగున్నావా?"

మోచెయ్యి దించాను. వెల్లకిలా వాలాను.

"తొంగున్నానే," అన్నాను.

తాడును ముగ్గురు ఆడవాళ్ళు పట్టుకున్నట్టున్నారు, చెక్కలు కీచుమని ఆగాయి. నేను తల తిప్పి చూడలేదు. వచ్చే ఏడు మోసేవాళ్ళకు నా దగ్గర ఉన్నది ఇంతే. ఎవరు చూసినా సరే పడుకోండి. పూస అంచున ఒక సన్నని తెల్ల గీత వచ్చిందని డాక్టరమ్మ అంటోంది. నాకు సరిగా కనబడదు. గాలి పెరుగుతోంది. కళ్ళు మూసుకుంటున్నాను.